పసిపిల్లల సంరక్షణ కేంద్రాలు: పనికి వెళ్లే తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

పసిబిడ్డను ఎవరో ఒకరికి అప్పగించి పనికి వెళ్లక తప్పని తల్లిదండ్రులతో కొన్నేళ్లుగా మాట్లాడుతున్నాను. అడిగేవారు మారుతున్నారు గాని ప్రశ్నలు మాత్రం అవే మళ్లీ మళ్లీ వస్తున్నాయి. పుట్టినప్పటి నుంచి బడి వయసు వచ్చేదాకా ఎదురయ్యే సందేహాలను దశల వారీగా ఇక్కడ కూర్చాను. ఎవరికి కావలసిన ప్రశ్నను వారు నేరుగా చదువుకోవచ్చు.

## నిర్ణయం తీసుకునే ముందు

నెలల బిడ్డను పరాయివారి చేతిలో పెట్టి పనికి వెళ్తే బిడ్డ మనసుకు గాయమవుతుందా?

ఈ భయం చాలా పాతది, దానిని పరిశోధకులు కూడా తేలికగా తీసుకోలేదు. అమెరికాలో 1991లో మొదలైన ఒక పెద్ద అధ్యయనం పది ప్రాంతాలలో 1,300 మందికి పైగా పిల్లలను పుట్టినప్పటి నుంచి ఏళ్ల తరబడి గమనించింది. బిడ్డ ఎదుగుదల మీద ఇంటి వాతావరణం, తల్లిదండ్రుల ఆదరణ చూపే ప్రభావమే ఎక్కువని, బయటి సంరక్షణ ప్రభావం అంతకంటె చిన్నదని అందులో తేలింది. మంచి సంరక్షణ పొందిన పిల్లల భాష, ఆలోచనాశక్తి కొంత మెరుగ్గా కనిపించాయి. చాలా ఎక్కువ గంటలు కేంద్రాలలో గడిపిన పిల్లల్లో మొండితనం, పోట్లాట స్వల్పంగా ఎక్కువగా ఉన్నట్టు కూడా గుర్తించారు. అందువల్ల బిడ్డను వదలడం తప్పా ఒప్పా అని మథనపడటం కంటె, ఎవరి దగ్గర, ఎన్ని గంటలు, ఎలాంటి చోట వదులుతున్నామన్నది చూసుకోవడం మేలు. పనికి వెళ్తున్నందుకు ఏ తల్లీ అపరాధభావంతో కుంగిపోనక్కరలేదు.

ఏ వయసులో చేర్చితే మంచిది?

అందరికీ సరిపోయే వయసు అంటూ లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో ఆమోదించిన ఒప్పందం ప్రసూతి సెలవు కనీసం 14 వారాలు ఉండాలంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలంటుంది. ఈ రెండింటి మధ్య ఉన్న అంతరమే చాలామంది తల్లుల కష్టానికి మూలం. సెలవు దొరికినంతవరకు వాడుకోండి. సుమారు ఎనిమిదో నెల నుంచి బిడ్డకు కొత్త ముఖాలంటే బెరుకు, తల్లిని విడవాలంటే భయం మొదలై, పదో నెల నుంచి ఏడాదిన్నర వరకు బలంగా ఉంటాయి. ఆ నెలల్లో చేర్చకూడదని కాదు, అలవాటు పడటానికి మరికొన్ని రోజులు ఎక్కువ పట్టవచ్చని ముందే అనుకుని సెలవు కూడబెట్టుకోవాలి.

ఇంటికి ఆయాను పిలిపించుకోవడం మేలా, కేంద్రంలో చేర్చడం మేలా, తన ఇంట్లోనే నలుగురు పిల్లలను చూసుకునే ఆమె దగ్గర వదలడం మేలా?

ఆయా అయితే బిడ్డకు ఒకే మనిషి దొరుకుతుంది, అంటువ్యాధుల బెడద తక్కువ. కాని ఆమెకు జ్వరం వస్తే ఆ రోజు మీ పని ఆగిపోతుంది, లోపల ఏం జరుగుతోందో చూసే మరో పెద్ద మనిషి ఉండరు. కేంద్రంలో ఒకరు రాకపోతే మరొకరు ఉంటారు, ఒకరి ప్రవర్తనను మరొకరు గమనిస్తారు, తోటి పిల్లలు దొరుకుతారు. ఇంట్లోనే కొద్దిమంది పిల్లలను చూసుకునే వారి దగ్గర వేళల విషయంలో వెసులుబాటు, కుటుంబ వాతావరణం ఉంటాయి గాని నాణ్యత పూర్తిగా ఆ ఒక్క వ్యక్తి మీదే ఆధారపడుతుంది. నా అభిప్రాయంలో ఏడాది లోపు బిడ్డకు తక్కువమంది ఉన్న చోటు, రెండేళ్లు దాటిన బిడ్డకు తోటి పిల్లలు ఉన్న చోటు బాగుంటాయి.

అమ్మమ్మ చూసుకుంటానంటోంది. ఇంకా కేంద్రం ఎందుకు?

ఆమెకు ఓపిక, ఆరోగ్యం, ఇష్టం మూడూ ఉంటే అంతకు మించిన ఏర్పాటు లేదు. అయితే పాకే బిడ్డ వెనుక, పరుగెత్తే బిడ్డ వెనుక రోజంతా తిరగడం పెద్ద వయసులో తేలిక కాదు. సగం రోజు కేంద్రం, సగం రోజు అమ్మమ్మ అనే పద్ధతి ఇద్దరికీ ఊపిరి సలపనిస్తుంది.

ఎంత ముందుగా వెతకడం మొదలుపెట్టాలి?

ఏడాది లోపు బిడ్డ కోసమైతే గర్భంతో ఉన్నప్పుడే. ఆ వయసు పిల్లలను ఒక్కొక్కరు ముగ్గురు నలుగురికి మించి చూడలేరు కనుక ఏ మంచి కేంద్రంలోనైనా వారికి ఉండే చోట్లు కొద్దిగానే ఉంటాయి. ఒక్కచోటే పేరు నమోదు చేసుకుని ఎదురుచూడవద్దు.

## కేంద్రాన్ని చూడటానికి వెళ్లినప్పుడు

కేంద్రం మంచిదో కాదో ఒక్క గంటలో ఎలా తెలుసుకోవాలి?

గోడల మీది బొమ్మలను, కొత్త ఆటవస్తువులను చూడటం మానేసి, పెద్దవాళ్లు ఏం చేస్తున్నారో చూడండి. బిడ్డ ఒక శబ్దం చేసినప్పుడు, వేలు చూపినప్పుడు, ఏడ్చినప్పుడు ఎవరైనా అటు తిరిగి, బిడ్డ కళ్ల ఎత్తుకు వంగి, మాటతోనో నవ్వుతోనో బదులు ఇస్తున్నారా? పసిమెదడు ఎదుగుదలను అధ్యయనం చేసేవారు అన్నిటికంటె విలువైనదిగా చెప్పేది ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్నే. తొలి ఏళ్లలో మెదడు కణాల మధ్య బంధాలు సెకనుకు లక్షల సంఖ్యలో ఏర్పడతాయి, వాటిలో ఏవి గట్టిపడాలన్నది ఇటువంటి చిన్న చిన్న సంభాషణలే నిర్ణయిస్తాయి.

బట్టలు మార్చేటప్పుడు బిడ్డతో మాట్లాడుతున్నారా, లేక మూటను తిప్పినట్టు తిప్పుతున్నారా అన్నది ఒక్కటే చాలా చెబుతుంది. మార్చిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కుంటున్నారేమో గమనించండి. ఏడుస్తున్న బిడ్డ దగ్గరకు వెళ్లడానికి ఎంతసేపు పడుతోందో మనసులో లెక్కపెట్టండి. గది మరీ నిశ్శబ్దంగా ఉన్నా అనుమానించవలసిందే, ఎందుకంటే సంతోషంగా ఉన్న పిల్లలు సద్దు చేస్తారు. వీలైతే రెండుసార్లు వెళ్లండి, రెండోసారి సాయంత్రం అందరూ అలసిపోయిన వేళకు వెళ్లండి.

ఒక్కొక్కరికి ఎంతమంది పిల్లలను అప్పగించవచ్చు?

దేశాన్ని బట్టి నియమాలు మారుతాయి. ఇంగ్లండులో రెండేళ్ల లోపు పిల్లలకు ముగ్గురికి ఒకరు, రెండేళ్ల వయసు వారికి ఐదుగురికి ఒకరు తప్పనిసరి. రెండేళ్ల వారి విషయంలో 2023 సెప్టెంబరు వరకు నలుగురికి ఒకరు ఉండేవారు, ఆ సడలింపు మీద తల్లిదండ్రులు గట్టిగానే అభ్యంతరం చెప్పారు. అమెరికా పసిపిల్లల వైద్యుల మార్గదర్శకాలు కూడా ఏడాది లోపు పిల్లలకు ముగ్గురికి ఒకరు ఉండాలంటాయి. మీ ప్రాంతంలో ఎంత సంఖ్యను అనుమతించినా, ఏడాది లోపు పిల్లలు ఐదారుగురిని ఒకే మనిషి చూస్తున్న చోట బిడ్డను వదలవద్దనే నేను చెబుతాను. మంట అంటుకుంటే ఆమె ఎంతమందిని ఎత్తుకుని బయటికి పరుగెత్తగలదో ఆలోచిస్తే కారణం అర్థమవుతుంది. వంటమనిషిని, కార్యాలయ సిబ్బందిని కూడా కలిపి లెక్క చెబుతున్నారేమో అడగండి. ఉదయం తెరిచే వేళ, భోజన విరామం, మూసే వేళ ఎంతమంది ఉంటారో విడిగా అడగండి.

అనుమతి పత్రం ఉంది కదా, అది చాలదా?

చాలదు, కాని అది లేకపోతే ముందుకు వెళ్లనే వద్దు. అనుమతి అంటే కనీస భద్రత ఉందని మాత్రమే అర్థం. చివరి తనిఖీ ఎప్పుడు జరిగింది, అందులో ఏ లోపాలు రాశారు, వాటిని సరిచేశారా అన్నవి అడగండి. నివేదిక చూపడానికి వెనకాడే చోట ఇంకా ఎన్ని విషయాలు దాస్తారో తెలియదు.

నిద్రపుచ్చే గదిలో ఏమి చూడాలి?

ఏడాది లోపు బిడ్డలను ప్రతిసారీ వెల్లకిలా పడుకోబెట్టాలి. పడక గట్టిగా, సమతలంగా ఉండాలి. దిండ్లు, మెత్తని బొమ్మలు, వదులు దుప్పట్లు పడకలో ఉండకూడదు. అమెరికాలో 1994లో వెల్లకిలా పడుకోబెట్టాలన్న ప్రచారం మొదలైన తరువాత నిద్రలో సంభవించే ఆకస్మిక శిశుమరణాల రేటు సగానికి సగం తగ్గింది. ఇంట్లో వెల్లకిలా పడుకునే అలవాటున్న బిడ్డను కేంద్రంలో బోర్లా పడుకోబెట్టడం మరింత ప్రమాదకరం కనుక ఈ ప్రశ్నను మొహమాటం లేకుండా అడగాలి.

గదిలో కెమెరాలు ఉన్నాయి, ఫోనులో చూసుకోవచ్చంటున్నారు. ఇక నిశ్చింతగా ఉండవచ్చా?

కెమెరా ఒక ఆధారం మాత్రమే. అది చూపని మూలలు ఉంటాయి, అది వినిపించని మాటలు ఉంటాయి. ముందుగా చెప్పకుండా ఏ వేళ వచ్చినా తల్లిదండ్రులను లోపలికి రానిచ్చే కేంద్రం, కెమెరాలు పది ఉండి తలుపు మూసి ఉంచే కేంద్రం కంటె ఎన్నో రెట్లు నమ్మదగినది.

ఇక్కడ ఆటలే ఆడిస్తున్నారు, అక్షరాలు నేర్పడం లేదు. చేర్చవచ్చా?

తప్పకుండా చేర్చవచ్చు. మూడేళ్ల లోపు బిడ్డకు ఇసుక, నీళ్లు, డబ్బాలు, కథలు, పాటలే పాఠాలు. భాష పెరిగేది పెద్దల నోటి మాట విని, తిరిగి మాట్లాడి. అక్షరాలు దిద్దిస్తారా అని కాదు, రోజులో ఎంతసేపు టీవీ, ఫోను తెర ముందు కూర్చోబెడుతున్నారన్నది అడగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఏడాది లోపు పిల్లలకు తెర అసలే వద్దు, రెండేళ్ల వయసులో కూడా రోజుకు గంటకు మించరాదు.

## ఖర్చు సంగతి

ఫీజు ఇంత ఎక్కువగా ఉంటే, పిల్లలను చూసేవారికి జీతం అంత తక్కువ ఎందుకు?

ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే మిగతా చిక్కుముడి సగం విడిపోతుంది. కర్మాగారంలో యంత్రం వస్తే ఒకే మనిషి పది రెట్లు ఎక్కువ తయారుచేయగలడు. పసిబిడ్డ విషయంలో అది కుదరదు. నూరేళ్ల కిందట ఒకరు ముగ్గురు పసివారినే చూడగలిగారు, ఈనాడూ అంతే. అందుచేత కేంద్రం ఖర్చులో అత్యధిక భాగం జీతాలే. ముగ్గురు బిడ్డలకు ఒక మనిషి ఉంటే, ఆమె జీతంలో మూడో వంతు, దాని మీద అద్దె, ఆహారం, కరెంటు ఖర్చు కలిపి ఒక్కో కుటుంబం మోయాలి. తల్లి సంపాదన కూడా ఆ సంరక్షకురాలి సంపాదనకు దగ్గరగానే ఉంటే, ఆమె తన జీతంలో ఎంత భాగం వదులుకోవాలో మీరే లెక్క వేయవచ్చు.

ఫీజు తగ్గించడానికి యాజమాన్యం చేతిలో రెండే ఉపాయాలు ఉంటాయి, జీతం తగ్గించడం, లేదా ఒక్కొక్కరికి పిల్లల సంఖ్య పెంచడం. మొదటిది అనుభవజ్ఞులను వెళ్లగొడుతుంది, రెండోది పిల్లలకు నేరుగా నష్టం చేస్తుంది. మంచి సంరక్షణకు అయ్యే ఖర్చుకూ, సామాన్య కుటుంబం ఇవ్వగలిగిన దానికీ మధ్య ఉన్న ఈ తేడాను ప్రభుత్వమో, యజమానులో, ఇద్దరూ కలిసో భరించాలి. తల్లిదండ్రులు ఎంత పొదుపుగా బతికినా ఆ తేడా పూడదు.

నా జీతంలో చాలా భాగం ఫీజుకే పోతోంది. ఉద్యోగం మానేయడం మేలు కాదా?

ముందుగా లెక్క వేసే తీరు మార్చుకోవాలి. బిడ్డ ఇద్దరిది అయినప్పుడు ఫీజును తల్లి జీతంలోంచి మాత్రమే తీసివేయడం న్యాయం కాదు, కుటుంబ ఆదాయం మొత్తంలో అది ఎంత అన్నది చూడాలి. రెండో సంగతి, ఈ భారం అన్నేళ్లూ ఒకేలా ఉండదు. తొలి రెండు మూడేళ్లలో అత్యధికంగా ఉండి, బిడ్డ ఎదిగేకొద్దీ ఒక్కొక్కరు చూడగలిగే పిల్లల సంఖ్య పెరుగుతుంది కనుక తగ్గుతుంది. మానేసిన ఉద్యోగం మాత్రం మూడేళ్ల తరువాత అదే హోదాలో, అదే జీతంతో దొరకడం అరుదు. ఆగిపోయిన జీతపు పెంపు, భవిష్య నిధి, అనుభవం అన్నీ నష్టం కింద రాసుకోవాలి. ఇవన్నీ చూసుకున్నాక కూడా బిడ్డతో ఇంట్లో ఉండాలనే కోరిక బలంగా ఉంటే అది గౌరవించదగిన నిర్ణయమే, కాని లెక్క తప్పు వేసుకుని తీసుకున్న నిర్ణయం కాకూడదు.

ఫీజు విషయంలో ఏమేమి అడగవచ్చు?

తోబుట్టువులకు తగ్గింపు, ఆదాయాన్ని బట్టి ఫీజు, సగం రోజుల ఏర్పాటు, బిడ్డ జబ్బుపడిన రోజుల లెక్క, సెలవు దినాల లెక్క, ఆలస్యమైతే వేసే అదనపు రుసుము, మానిపించాలంటే ఎన్నాళ్లు ముందు చెప్పాలి అన్నవన్నీ చేర్చకముందే రాతపూర్వకంగా తీసుకోండి.

చవకగా ఉందంటే నాణ్యత లేదనే అర్థమా?

తప్పక అలాగని కాదు. ప్రభుత్వ నిధులో, యజమాని సాయమో, దాతల సాయమో వెనుక ఉంటే తక్కువ ఫీజుకే మంచి సంరక్షణ సాధ్యం. ఏ సాయమూ లేకుండానే చుట్టుపక్కల అన్నిటికంటె చవకగా ఉంటే, ఆ తగ్గింపు ఎవరి జీతంలోంచి, ఏ పిల్లల భద్రతలోంచి వస్తోందో తెలుసుకోవాలి. చాలా ఎక్కువ ఫీజు తీసుకునే చోట కూడా ఆ డబ్బు భవనానికి, ప్రకటనలకు వెళ్తుండవచ్చు. సంరక్షకులు అక్కడ సగటున ఎన్నేళ్లుగా పని చేస్తున్నారని అడగండి, ఫీజు పట్టిక కంటె ఆ జవాబే ఎక్కువ చెబుతుంది.

## తొలి వారాల్లో

చేర్చినప్పటి నుంచి గుక్కపట్టి ఏడుస్తోంది. మానిపించాలా?

తొందరపడవద్దు. జర్మనీలో విస్తృతంగా పాటించే బెర్లిన్ పద్ధతిలో మొదటి మూడు రోజులు తల్లో తండ్రో బిడ్డతో పాటే గదిలో కొంతసేపు కూర్చుంటారు, విడిచివెళ్లే ప్రయత్నమే చేయరు. నాలుగో రోజు కొద్ది నిమిషాలు బయటికి వెళ్లి చూస్తారు. సంరక్షకురాలు ఎత్తుకుంటే బిడ్డ ఊరుకుంటే ఆ వ్యవధిని పెంచుతారు, ఊరుకోకపోతే మరికొన్ని రోజులు ఆగుతారు. మీ కేంద్రంలో ఆ పద్ధతి లేకపోయినా మొదటి వారం గంట, రెండు గంటలతో మొదలుపెట్టమని కోరవచ్చు. వదిలేటప్పుడు ఏడవడం కంటె, మీరు వెళ్లాక ఎంతసేపటికి ఊరుకుంది, తింటోందా, ఆడుతోందా, ఒకరి దగ్గరైనా సేదతీరుతోందా అన్నవి ముఖ్యం. నాలుగైదు వారాలు గడిచినా వీటిలో ఏదీ లేకపోతే అప్పుడు ఏర్పాటు గురించి మళ్లీ ఆలోచించాలి.

చెప్పకుండా జారుకుంటే ఏడవదు కదా?

ఆ క్షణానికి ఏడవదు. కాని అమ్మ ఏ నిమిషంలోనైనా మాయమవుతుందని బిడ్డ నేర్చుకుంటుంది, ఇంట్లో కూడా కొంగు వదలదు. రోజూ ఒకే మాట, ఒకే ముద్దు, ఒకే విధమైన వీడ్కోలు చెప్పి తిరిగి చూడకుండా వెళ్లండి.

తల్లిపాలు కొనసాగించవచ్చా?

కొనసాగించవచ్చు. పిండిన పాలు మామూలు గది వేడిమిలో నాలుగు గంటల వరకు, ఫ్రిజ్‌లో నాలుగు రోజుల వరకు ఉంటాయి. సీసా మీద బిడ్డ పేరు, తేదీ, వేళ రాయాలి. మైక్రోవేవ్‌లో వేడి చేయవద్దని, గోరువెచ్చని నీళ్లలో ఉంచి తీయమని స్పష్టంగా చెప్పాలి. కేంద్రం పని చేసే చోటుకు దగ్గరగా ఉంటే మధ్యలో వెళ్లి పాలివ్వడం అన్నిటికంటె హాయి.

వారం వారం జలుబు, జ్వరం వస్తోంది. ఇది మామూలేనా?

మొదటి ఏడాది చాలావరకు మామూలే. ఇలా ముందుగా జలుబులు ఎదుర్కొన్న పిల్లలకు బడి మొదటి ఏళ్లలో అవి తక్కువగా వస్తాయని అధ్యయనాలు చూపాయి. టీకాలు వేళకు వేయించండి. జబ్బుపడిన రోజు ఇద్దరిలో ఎవరు సెలవు పెట్టాలో ముందే పంచుకోండి, లేకపోతే ఆ భారం ప్రతిసారీ తల్లి మీదే పడుతుంది.

## చేరి కొంతకాలమయ్యాక

బిడ్డకు అలవాటైన ఆమె మానేసింది, ఇలా తరచూ జరుగుతోంది. పట్టించుకోవాలా?

పట్టించుకోవాలి. మా అమ్మాయి చిన్నతనంలో వెళ్లిన కేంద్రంలో ఒక్క ఏడాదిలో ముగ్గురు మారారు. మూడోసారి కొత్త ముఖం కనబడేసరికి పాప ఏడవడం కూడా మానేసింది, అలవాటు పడిందని నేను పొరబడ్డాను. ఎవరినీ నమ్మకూడదని నేర్చుకున్న మౌనం అదని తెలుసుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. మంచి కేంద్రం ప్రతి బిడ్డకు ఒక ముఖ్య సంరక్షకురాలిని, ఆమె లేనప్పుడు చూసే రెండో మనిషిని కేటాయిస్తుంది, ఎవరైనా మానేస్తుంటే ముందుగా తల్లిదండ్రులకు చెబుతుంది. మానేసినవారు ఎందుకు మానేశారని అడగండి. జీతమే కారణమైతే, మిగతా తల్లిదండ్రులతో కలిసి యాజమాన్యాన్ని జీతాల గురించి అడగడం మీ బిడ్డ కోసం అడగడమే.

ఏవి కనిపిస్తే వెంటనే మానిపించాలి?

కారణం చెప్పలేని గాయాలు, మిమ్మల్ని లోపలికి రానివ్వకపోవడం, కొట్టడం, గదిలో బంధించడం, నిద్ర కోసం మందు ఇవ్వడం, ఒక ఫలానా మనిషిని చూస్తే బిడ్డ బిగుసుకుపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజే తీసుకువచ్చి అధికారులకు ఫిర్యాదు చేయాలి. కట్టిన ఫీజు పోతుందని ఆగవద్దు.

## పని చేసే చోట, ప్రభుత్వం దగ్గర అడిగేటప్పుడు

ఇది మా ఇంటి సమస్య కదా, యజమానినో ప్రభుత్వాన్నో ఏ హక్కుతో అడగాలి?

ఇది ఒక్క ఇంటి సమస్య కాదని ప్రపంచ దేశాలు ఎప్పుడో ఒప్పుకున్నాయి. ఐక్యరాజ్య సమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలోని 18వ అధికరణం, పని చేసే తల్లిదండ్రుల పిల్లలకు సంరక్షణ సేవలు అందేలా ప్రభుత్వాలు చర్యలు తీసుకోవాలంటుంది. కుటుంబ బాధ్యతలు గల కార్మికుల గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981లో చేసిన 156వ ఒప్పందం తల్లులకే కాదు, తండ్రులకూ వర్తిస్తుంది. భారతదేశంలో 2017 నాటి ప్రసూతి ప్రయోజన సవరణ చట్టం 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలకు క్రెష్‌ను, అంటే పసిపిల్లల సంరక్షణ కేంద్రాన్ని, తప్పనిసరి చేసి, తల్లి రోజుకు నాలుగుసార్లు బిడ్డను చూసి రావడానికి అవకాశం ఇచ్చింది.

మా సంస్థ చిన్నది, సొంతంగా కేంద్రం పెట్టలేదంటోంది. ఏం చేయాలి?

పక్కపక్కనే ఉన్న నాలుగైదు సంస్థలు కలిసి ఒక కేంద్రం పెట్టుకోవచ్చు, లేదా ఉన్న కేంద్రంలో కొన్ని చోట్లకు ముందుగానే డబ్బు కట్టి ఉంచవచ్చు. భారతదేశపు 2020 సామాజిక భద్రతా స్మృతి ఇలాంటి ఉమ్మడి ఏర్పాటును స్పష్టంగా అనుమతించింది. ఏదీ కుదరకపోతే వేళల్లో వెసులుబాటు అడగండి, అది యజమానికి పైసా ఖర్చు లేనిది.

రోజు కూలీకి, నిర్మాణ పనులకు వెళ్లేవారి పిల్లల మాటేమిటి?

అత్యంత అవసరం ఉన్నదీ, అతి తక్కువగా అందేదీ వారికే. 1969లో ఢిల్లీలో మీరా మహాదేవన్ ప్రారంభించిన మొబైల్ క్రెషెస్ సంస్థ, తల్లులు ఇటుకలు మోసే చోటనే పిల్లలకు నీడ, తిండి, ఆట ఏర్పాటు చేసింది. పని మరో చోటికి మారితే కేంద్రమూ మారేది. అహ్మదాబాదులో అసంఘటిత రంగ మహిళల సంఘం సేవా, సంరక్షకులే సభ్యులైన సహకార సంఘం ద్వారా కేంద్రాలు నడుపుతోంది. వీరి అనుభవం చెప్పేదొక్కటే, కేంద్రం వేళలు తల్లి పని వేళలతో సరిపోకపోతే ఎంత మంచి కేంద్రమైనా ఖాళీగా ఉంటుంది.

తొలి ఏళ్లలో పెట్టిన రూపాయికి ఎన్నో రెట్లు తిరిగి వస్తుందని చదివాను. నిజమేనా?

ఆ మాటకు ముఖ్య ఆధారం అమెరికాలోని మిషిగన్‌లో 1962లో మొదలైన పెరీ ప్రీస్కూలు ప్రయోగం. అందులో ఉన్నది 123 మంది పేద పిల్లలు. వారిలో కేంద్రానికి వెళ్లినవారు పెద్దయ్యాక, వెళ్లనివారి కంటె ఎక్కువ సంపాదించారు, నేరాలలో తక్కువగా చిక్కుకున్నారు. ఆర్థికశాస్త్రంలో నోబెల్ పొందిన జేమ్స్ హెక్‌మన్ ఈ లెక్కలను లోతుగా పరిశీలించి బలపరిచారు. అయితే అక్కడ శిక్షణ పొందిన ఉపాధ్యాయులు కొద్దిమంది పిల్లలనే చూసేవారు, వారం వారం ఇంటికీ వెళ్లేవారు. ఆ నాణ్యత లేని చోట ఆ ఫలితాన్ని వాగ్దానం చేయడం న్యాయం కాదు.

ప్రభుత్వాలు డబ్బు పెట్టిన చోట ఏం జరిగింది?

కెనడాలోని క్యూబెక్ రాష్ట్రం 1997లో రోజుకు ఐదు డాలర్ల ఫీజుతో పిల్లల సంరక్షణ పథకాన్ని మొదలుపెట్టింది. ఉద్యోగాల్లో తల్లుల సంఖ్య స్పష్టంగా పెరిగింది. కాని చోట్లు వేగంగా పెంచే తొందరలో నాణ్యత అన్నిచోట్లా ఒకేలా నిలవలేదు, పిల్లల ప్రవర్తనలో, ఆరోగ్యంలో కొన్ని ప్రతికూల ఫలితాలను కూడా పరిశోధకులు నమోదు చేశారు. లాభాపేక్ష లేని కేంద్రాలలో నాణ్యత మెరుగ్గా ఉందని కూడా అక్కడే తేలింది. స్వీడన్ 2002లో ఫీజుకు గరిష్ఠ పరిమితి పెట్టింది, మొదటి బిడ్డకు కుటుంబ ఆదాయంలో మూడు శాతం, రెండో బిడ్డకు రెండు, మూడో బిడ్డకు ఒకటి. జర్మనీలో 2013 ఆగస్టు నుంచి ఏడాది నిండిన ప్రతి బిడ్డకూ చోటు పొందే చట్టబద్ధమైన హక్కు ఉంది, అయినా సిబ్బంది కొరత వల్ల చాలా కుటుంబాలు ఇంకా ఎదురుచూస్తున్నాయి. చట్టం చేసినంత తేలికగా సంరక్షకులు తయారుకారు, వారి శిక్షణ, జీతం ముందుగానే మొదలుపెట్టవలసిన పని.

మేము పట్టుమని పదిమంది తల్లిదండ్రులం. మొదట ఏమి అడిగితే ఫలితం కనిపిస్తుంది?

చిన్నగా, కచ్చితంగా అడగండి. మీ ప్రాంతంలో రెండేళ్ల లోపు పిల్లలు ఎంతమంది, వారికి అనుమతి ఉన్న కేంద్రాలలో చోట్లు ఎన్ని అన్న లెక్క ఇంటింటికీ తిరిగి మీరే తీయండి, ఆ కాగితం చేతిలో ఉంటే ఏ అధికారీ తేలికగా కొట్టిపారేయలేరు. తరువాత తనిఖీ నివేదికలను అందరూ చూసేలా పెట్టమనండి. ఉన్న ప్రభుత్వ కేంద్రం మధ్యాహ్నమే మూసేస్తుంటే సాయంత్రం దాకా తెరిచి ఉంచమనండి, ఆ అదనపు గంటలకు సిబ్బందికి అదనపు జీతం ఇవ్వాలన్నది కూడా అదే వినతిపత్రంలో రాయండి. వినతి ఇవ్వడానికి వెళ్లేటప్పుడు సంరక్షకులను మీతో తీసుకువెళ్లండి, తండ్రులనూ తీసుకువెళ్లండి.